పదకొండు నిమిషాల తడి

ఓబో మాస్టారి లెక్కలో లోకంలో ఉన్నవి రెండే జాతులు. వాద్యం కొసన బిగించి ఊదే రీడును తడిపి వాయించేవాళ్లది ఒకటి, తడి అక్కర్లేని రీడుతో వాయించేవాళ్లది ఇంకొకటి. రెండో జాతిని ఆయన మనుషుల్లో కలిపేవాడు కాదు. ఆ జాతికి చెందిన ఒకడు ఆరేళ్లుగా ఆయన ఎడమ మోచేతికి జానెడు దూరంలో కూర్చుంటున్నాడు. అతను మాస్టారి భార్యకు స్వయానా తమ్ముడు కావడం, ఆయన దృష్టిలో, నేరాన్ని రెట్టింపు చేసింది.

వాళ్లు కూర్చునే చోటును గుంట అంటారు. నాటకశాలలో వేదికకు ముందు, ప్రేక్షకుల కాళ్లకన్నా కిందుగా ఉండే ఇరుకు జాగా అది. పద్నాలుగు మంది వాద్యగాళ్లు ఒకరి మోకాళ్లకు ఒకరు అడ్డం పడుతూ అందులో సర్దుకుంటారు. శనివారం తప్ప రోజూ మధ్యాహ్నం మూడింటికి ఆట. ఆరేళ్లుగా ఒకే సంగీత నాటకం. ఒక్కొక్కరికి ఒక్క వాద్యం అనే భోగం గుంటలో లేదు. మాస్టారు సన్నాయి లాంటి ఓబో, శాక్సఫోన్, ఫ్లూటు మూడూ వాయించాలి. బావమరిది క్లారినెట్, శాక్సఫోన్, ఫ్లూటు. ఒకటి దించి ఒకటి ఎత్తుకునే సందులోనే మనిషి పనితనం బయటపడుతుందని మాస్టారి సిద్ధాంతం. దించిన వాద్యం ఊరికే కూర్చోదు, దాని రీడు ఎండిపోతూ ఉంటుంది.

శాక్సఫోన్ రీడు ఒంటి బద్ద. కాస్త ఎండినా సర్దుకుపోతుంది. ఓబో రీడు అలాంటిది కాదు. గోటి మందం కూడా లేని రెండు రెల్లు పొరలను ముఖాముఖిగా చేర్చి, సన్నని గొట్టానికి దారంతో చుట్టి కడతారు. తడి తగ్గితే ఆ పొరలు వంకరపోయి మూగబోతాయి. తడి మించితే ఉబ్బి నోరు తెరిచి బాతులా అరుస్తాయి. ఆ రెంటికీ నడుమ ఉన్న వెంట్రుకవాసి జాగాలోనే సంగీతం ఉంటుంది. మాస్టారు తన రీడులు తానే కట్టుకునేవాడు, తానే కత్తితో చెక్కుకునేవాడు. బావమరిది మాత్రం అచ్చులో పోసిన ప్లాస్టిక్ రీడు ఒకటి కొని, మూడేళ్లు వాయించి, పారేసి, అలాంటిదే ఇంకొకటి కొనుక్కునేవాడు.

"ప్లాస్టిక్ పువ్వుక్కూడా నీళ్లు పొయ్యక్కర్లేదోయ్," అనేవాడు మాస్టారు. "దాన్ని ఎవడూ వాసన చూడడు."

"ఈగలు కూడా వాలవు బావగారూ," అనేవాడు బావమరిది, నవ్వుతూ.

ఆ నవ్వు కూడా మాస్టారికి గిట్టేది కాదు. అతని బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. పుచ్చిన పన్ను పీకించుకునే ధైర్యం లేని మనిషి సంగీతంలో మాత్రం ఏం సాహసిస్తాడని ఆయన తీర్పు.

నాటకం రెండో అంకంలో పదకొండు నిమిషాల నృత్యం ఒకటి ఉంది. అంతసేపూ మాస్టారికి శాక్సఫోన్ నోట్లోంచి తీసే వీలు లేదు. అది ముగియగానే నాలుగు ఆవర్తాల నిశ్శబ్దం, గడియారంలో చూస్తే ఎనిమిది సెకన్లు. ఆ ఎనిమిది సెకన్లలో శాక్సఫోన్ మెడలోంచి దించి, ఓబో అందుకుని, రీడు బిగించి, పక్కన ఏ వాద్యం తోడూ లేకుండా, మంద్రంలో, వినబడీ వినబడనట్టు ఒక స్వరం ఎత్తుకోవాలి. ఆ స్వరం మీద నాయిక చనిపోయిన తండ్రి ఉత్తరం విప్పుతుంది. ఎండిన రీడుతో ఆ స్వరం రాదు. నీళ్లలో నాన్చి పెడితే పదకొండు నిమిషాలకు ఉబ్బిపోతుంది.

నాటకం మొదలైన కొత్తలో, మొదటి వారంలోనే, ఆ స్వరం రెండుసార్లు పగిలింది. అప్పుడు మాస్టారు ఒక ఇత్తడి డబ్బీ చేయించుకున్నాడు. అడుగున తడిపి పిండిన ఉన్ని గుడ్డ, దాని మీద రీడు, పైన మూత. ఇంట్లో గడియారం ముందు పెట్టుకుని పరీక్షించాడు. పదకొండు నిమిషాలేమిటి, ఇరవై నిమిషాల తర్వాత కూడా రీడు తీయగా పలికింది. ఆ తర్వాత ఆరేళ్లలో ఒక్క ఆటలోనూ స్వరం తప్పలేదు. ఆ తప్పకపోవడం మీదే ఆయన తన తక్కిన అభిప్రాయాలన్నీ కట్టుకున్నాడు.

నృత్యం సాగుతున్నంతసేపూ బావమరిదికి పని లేదు. మొదట్లో కాసేపు ఫ్లూటు, ఆ తర్వాత కూర్చోవడమే. కూర్చోవడం కూడా అతనికి సరిగ్గా చేతకాదని మాస్టారు కనుకొలకుల్లోంచి గమనిస్తూనే ఉండేవాడు. ఎప్పుడు చూసినా అరచెయ్యి మూతికి అడ్డం పెట్టుకుని, తల వాల్చి, కునుకు తీస్తున్నట్టు ఉండేవాడు.

ఆరేళ్లలో మాస్టారు ఇంకొక సంగతీ కనిపెట్టాడు. బాగా మాగిన రెల్లుకు లవంగం వాసన ఉంటుంది. కొత్త రీడుకు ఉండదు. పది పదిహేను ఆటలు వాయించాక, డబ్బీలోంచి తీసి నోట పెట్టుకోగానే, సన్నగా తగులుతుంది. శనివారాలు సంగీత పాఠశాలలో పాఠం చెబుతూ ఈ మాట చెప్పేవాడు. విద్యార్థులు రాసుకునేవారు. అదే వాసన ఎడమ పక్కనుంచి రోజూ వస్తూనే ఉండేది. కంటి ముందున్నది కనబడకపోవడానికి గుడ్డితనం అక్కర్లేదు, చులకన చాలు.

ఒక మంగళవారం ఆయన సంగీత నిర్వాహకుడి గదికి వెళ్లాడు. చేతికర్రతో తాళం చూపించే ఆ నిర్వాహకుణ్ణి గుంటలో అందరూ చాటుగా బెత్తంగారు అంటారు.

"ఆ ప్లాస్టిక్ నా చెవి పక్కన కీచుమంటుంటే నా శ్రుతి నిలవడం లేదండీ. అతన్ని అవతలికి పంపండి."

బెత్తంగారు కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "మీ బావమరిదే కదండీ?"

"చుట్టరికం ఇంటి దగ్గర. ఇక్కడ శ్రుతి."

మరునాడు బావమరిది కుర్చీ డ్రమ్ముల అవతలికి మారింది. అతను తన మూడు వాద్యాలూ చంకన పెట్టుకుని, వెళ్లబోతూ ఆగాడు.

"బావగారూ, మరి మీ డబ్బీ..."

"నా డబ్బీ సంగతి నీకెందుకు?"

"అది కాదు బావగారూ, ఇక్కడ గాలి కాస్త..."

"గాలి నీకే తక్కువైంది. వెళ్లు."

అతను మెడ గోక్కుంటూ వెళ్లిపోయాడు. మాస్టారికి ఎడమ వైపు చాలాకాలానికి చోటు దొరికింది. మోచెయ్యి చాపి చూసుకున్నాడు. హాయిగా ఉంది.

ఆ మధ్యాహ్నం నృత్యం ముగిసింది. శాక్సఫోన్ దించి, డబ్బీ తెరిచి, రీడు బిగించి, మాస్టారు ఊదాడు. ఏమీ రాలేదు. మళ్లీ ఊదాడు. తలుపు బందు కిర్రుమన్నట్టు ఒక చప్పుడు వచ్చింది. వేదిక మీద నాయిక ఉత్తరం విప్పుతూ ఉలిక్కిపడింది. మూడో వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వెనక వరసలదాకా పాకింది.

గురువారం కూడా అంతే. ఈసారి ప్రేక్షకులు నవ్వలేదు. గుంటలోవాళ్లు తలలు దించుకున్నారు, అది ఇంకా ఘోరం. కీబోర్డు వాయించే బట్టతలాయన ఒక్కడే దించుకోలేదు.

"మాస్టారూ, ఓబో నాదం కావాలంటే నాకు పన్నెండో నంబరు నొక్కితే చాలండి," అన్నాడు, సాయం చేస్తున్న గొంతుతో.

"మీకు ఏడుపు కావాలన్నా ఒక నంబరు ఉంటుంది లెండి," అన్నాడు మాస్టారు.

కానీ బెత్తంగారు ఆ పన్నెండో నంబరును మనసులో పెట్టుకున్నాడు. ఆట అయ్యాక మాస్టారిని పక్కకు పిలిచాడు.

"ఆదివారం స్వరకర్త గారు వస్తున్నారు. ఆ స్వరం ఆవిడ తన తండ్రి చనిపోయిన వారంలో రాసుకున్నారట. మీరంటే గౌరవమే. కానీ రేపు కూడా పగిలితే, ఆదివారం నుంచి అది కీబోర్డు మీద వస్తుంది. మళ్లీ మీకు రాదు."

మాస్టారు డబ్బీ మూత బిగించి జేబులో వేసుకున్నాడు. ఆ ఒక్క స్వరం పోతే తన దగ్గర మిగిలేది ఏమిటో ఆయనకు తెలుసు. శాక్సఫోన్ వాయించేవాళ్లు ఊరంతా ఉన్నారు. ఫ్లూటు ఊదేవాళ్లకు కొదవే లేదు. ఇన్నేళ్లు ఇందరిని చులకన చేయడానికి ఆయనకు హక్కు ఇచ్చింది ఆ స్వరమే. అది లేకపోతే అవే అభిప్రాయాలు ఒక ముసలివాడి సణుగుడు అవుతాయి.

రాత్రికి కొత్త ఉన్ని గుడ్డ కత్తిరించాడు. పొద్దున్నే లేచి కొత్త రీడు చెక్కాడు. ఇంట్లో గడియారం ముందు అది ఇరవై రెండు నిమిషాలు నిలిచింది. శుక్రవారం గుంటకు గంట ముందే వెళ్లి, నెత్తిమీద ఏసీ గాలి వచ్చే జాలీకి అట్టముక్క అడ్డం కట్టాడు. ఆట మొదలవకముందే చెమటలు పోసిన డ్రమ్ములాయన లేచి దాన్ని పీకేశాడు. చివరికి మాస్టారు తెగించి రీడును నీళ్ల గ్లాసులో వేసి ఉంచాడు. పదకొండు నిమిషాల తర్వాత బాతు పలికింది.

బెత్తంగారు ఆట మధ్యలోనే కీబోర్డు ఆయన వైపు చూసి తల ఊపాడు. ఆ తల ఊపడం మాస్టారు చూశాడు.

శనివారం ఆట లేదు, పాఠశాల ఉంది. ఆయన తరగతిలో అందరూ పెద్దవాళ్లే, వేరే ఉద్యోగాలు చేసుకుంటూ వారానికోసారి వచ్చేవాళ్లు. వాళ్లలో పళ్ల డాక్టరు దగ్గర నర్సుగా పనిచేసే ఒకావిడ ఉంది. ఆవిడ చెయ్యెత్తింది.

"సార్, మాగిన రెల్లుకు లవంగం వాసన వస్తుందన్నారు. నేను రెండు నెలలుగా ఇదే రీడు వాయిస్తున్నాను. తడిసిన కర్ర వాసన తప్ప ఏమీ లేదండి."

"మీ రెల్లు నాసి రకం," అన్నాడు మాస్టారు. తన పెట్టె తెరిచి, మొన్నటిదాకా వాయించిన పాత రీడు తీసి ఆవిడకు అందించాడు. "ఇది చూడండి. పెదవులకు తాకించకండి, దూరంగానే."

ఎంగిలి అంటే ఆయనకు ఒళ్లు జలదరింపు. ఇంట్లో ఆయన గ్లాసు వేరు. గుంటలో ఎవరైనా దాహంతో ఆయన సీసా ఎత్తితే, ఆ సీసా ఇక వాళ్లకే ఇచ్చేసేవాడు.

ఆవిడ వాసన చూసింది. నవ్వాపుకుంది. మళ్లీ చూసింది.

"ఇది రెల్లు వాసన కాదు సార్. అచ్చంగా లవంగమే. మా క్లినిక్‌లో పొద్దస్తమానం ఇదే వాసన. మీకు పంటినొప్పా?"

"లేదు."

"మరి నోట్లో లవంగం పెట్టుకుంటారా?"

"నాకు ఆ అలవాటు లేదు. నాకు కాదు, అది..." అని మాస్టారు ఆగిపోయాడు.

తరగతిలో పన్నెండు మంది ఆయన వాక్యం పూర్తి కావడం కోసం పెన్నులు పట్టుకుని ఎదురుచూశారు. ఆయన కళ్ల ముందు తన ఎడమ మోచెయ్యి, దాని పక్కన మూతికి అడ్డం పెట్టిన అరచెయ్యి, వాలిన తల, అన్నీ ఒక్కసారి వచ్చి వరసలో నిలబడ్డాయి. గంట కాకముందే పాఠం ముగించేశాడు.

బావమరిది పగటిపూట వాద్యాలు బాగుచేస్తాడు. సందు మొదట్లో, ఒక మనిషి పట్టేటంత కొట్టు. మాస్టారు ఆరేళ్లలో అక్కడికి రావడం ఇదే మొదలు. బావమరిది క్లారినెట్ మీటల కింది మెత్తలు ఒక్కొక్కటే పీకి కొత్తవి అతికిస్తున్నాడు. బావగారిని చూసి లేవబోయి మోకాలు బల్లకు కొట్టుకున్నాడు.

"రండి బావగారూ, కూర్చోండి. కుర్చీ లేదు గానీ, ఆ డబ్బా గట్టిదే."

మాస్టారు కూర్చోలేదు. "నా రీడు నువ్వు నోట్లో పెట్టుకున్నావా?"

"ఏ రోజు బావగారూ?"

"ఏ రోజేమిటి!"

"అంటే... జ్వరం వచ్చిన రోజుల్లో పెట్టుకోలేదు. వేలితో నీళ్లు అద్దేవాణ్ణి. మీకు అంటుకుంటుందని."

"తక్కిన రోజులన్నీ?"

బావమరిది క్లారినెట్ పక్కన పెట్టాడు. "మీ డబ్బీ మంచిదే బావగారూ. ఇంట్లో అయితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గుంటలో మీ కుర్చీ మీదికే గాలి నేరుగా కొడుతుంది. నాలుగో నిమిషానికి గుడ్డ ఎండుటాకే. మీరేమో శాక్సఫోన్ వదల్లేరు. నాకేమో ఆ పాటలో పని లేదు. డబ్బీలోంచి తీసి నోట పెట్టుకుని, మీరు ఆఖరి వరసకు రాగానే మళ్లీ డబ్బీలో పెట్టేవాణ్ణి. అంతే."

"అంతే!" అన్నాడు మాస్టారు. "చెప్పొచ్చు కదా?"

"మీకా?"

ఆ ఒక్క మాటలో వెటకారం లేదు. ఉంటే మాస్టారికి బాగుండేది, తిప్పికొట్టేవాడు. అతను నిజంగానే ఆశ్చర్యపోయి అడిగాడు.

"నా మీద గౌరవంతో చేశానని మాత్రం అనకు."

"లేదు లేదు. అక్క చెయ్యమంది. మొదటి వారం రెండుసార్లు పగిలింది చూడండి, రెండు రోజులు మీరు ఇంట్లో అన్నం ముట్టలేదట, ఎవర్నీ ముట్టనివ్వలేదట. 'ఒరేయ్, పక్కనే కూర్చుంటావు కదా, ఆయన పుల్ల ఎండకుండా చూడరా' అంది."

"పుల్ల అందా?"

"అక్క పుల్లే అంటుంది బావగారూ."

మాస్టారు కాసేపు బల్ల మీది పాత మెత్తల్ని చూశాడు. ఎవరెవరి ఉమ్మికో నల్లబడి, గట్టిపడి ఉన్నాయి. "నీకు అసహ్యం వెయ్యలేదా?"

"మొదట్లో వేసింది. మీరు దారానికి మైనం రాస్తారు కదా, చేదు. ఆ చేదు పోవడానికే లవంగం మొదలుపెట్టాను. తర్వాత అలవాటైపోయింది."

"పన్ను పుచ్చి కాదా?"

"నా పళ్లకేం బావగారూ, ఇనుములా ఉన్నాయి," అని నోరు తెరిచి చూపించాడు. నిజంగానే అన్నీ ఉన్నాయి.

మాస్టారు వెళ్లబోతుంటే అతను సొరుగు లాగాడు. "ప్లాస్టిక్‌లో ఓబో రీడు ఒకటుంది. అట్ట కూడా విప్పలేదు. రేపటికి కావాలంటే..."

"చచ్చినా వద్దు."

"సరే బావగారూ," అని సొరుగు మూసేశాడు.

ఇంటికి వెళ్లేసరికి భార్య ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఆయన గుమ్మంలోనే నిలబడి అన్నాడు.

"నీకు తెలుసు."

"ఏది?"

"పుల్ల సంగతి."

ఆవిడ చొక్కా మడత పూర్తిచేసింది. "తెలుసు. అది ఎండిన రోజు ఈ ఇంట్లో అందరి నోళ్లూ ఎండేవి. ఏం చెయ్యమంటారు?"

"అక్కాతమ్ముళ్లు కలిసి నన్ను చిన్నపిల్లాణ్ణి చేశారు."

"చిన్నపిల్లలైతే చెబితే వింటారండీ," అని ఇంకో చొక్కా అందుకుంది. "ఇప్పుడేం చేస్తారు మరి? మళ్లీ పక్కన కూర్చోమని వాణ్ణి అడగండి. కాదనడు."

కాదనడని ఆయనకూ తెలుసు. సమస్య అదే.

ఆ సాయంత్రమంతా ఆయన కిటికీ దగ్గర కూర్చుని తనను తాను తిట్టుకున్నాడు. తనంత మూర్ఖుడు లేడనుకున్నాడు. మరొకడి ఎంగిలిని రెల్లు పరిమళమని ఆరేళ్లు పాఠం చెప్పిన పండితుడు తాను తప్ప ఈ భూమ్మీద ఇంకొకడు పుట్టలేదనుకున్నాడు. అలా అనుకుంటూ ఉండగా ఒక చోట ఆగాడు. ఆ తిట్లలో కూడా సన్నని అతిశయం ఉంది. తనను చులకన చేసుకోవడంలోనూ తానే అందరికన్నా ముందుండాలనుకుంటున్నాడు. అది కనిపెట్టినందుకు కాసేపు తనను మెచ్చుకోబోయి, దాన్నీ పట్టుకున్నాడు. ఇక విసుగొచ్చి ఆలోచన మానేశాడు. మిగిలింది ఒక్కటే ప్రశ్న, చాలా చిన్నది. పదకొండు నిమిషాల తర్వాత రీడు తడిగా ఉండాలి. ఎలా?

తెలిసి తెలిసి బావమరిది నోటికి రీడు అప్పగించడం ఆయన వల్ల కాదు. ప్లాస్టిక్ పెట్టుకోవడం అంతకన్నా కాదు. తన నోరే ఖాళీ కావాలి, అరనిమిషం చాలు. ముందే నాని ఉన్న రీడుకు అరనిమిషం నోటి తడి సరిపోతుంది. నోరు ఖాళీ కావాలంటే శాక్సఫోన్ ముందే దించాలి. ముందే దించాలంటే ఆఖరి ఆవర్తాలు ఇంకెవరైనా వాయించాలి. ఇంకెవరైనా వాయించాలంటే అడగాలి. ఆలోచన ఇంత తిన్నగా ఉన్నా ఆరేళ్లలో దాని దరిదాపులకు ఎందుకు పోలేదో ఆయనకు అప్పుడు తెలిసింది. ప్రతి దారికీ చివర అడగడం అనే గుమ్మం ఉంది. అక్కడ తల వంచాలి.

ఆదివారం పన్నెండింటికి బెత్తంగారి గది తలుపు కొట్టాడు. బెత్తంగారు ఆ పూట వాయించాల్సిన కాగితాల్లో ఓబో వరస కొట్టేసి, పక్కన కీబోర్డు అని రాస్తున్నాడు.

"రాయకండి," అన్నాడు మాస్టారు. "నృత్యంలో చివరి పదహారు ఆవర్తాలు శాక్సఫోన్ నేను వాయించలేను. రీడు నోట పెట్టుకుని తడపడానికి అరనిమిషం కావాలి. ఆ పదహారూ మా బావమరిదికి ఇవ్వండి."

బెత్తంగారు పెన్సిలు ఆపాడు. "ఇంతేనా?"

"ఇంతే."

"ఇది ఆరేళ్ల కిందట అడిగుంటే ఆ పూటే మార్చేవాణ్ణి కదండీ. ఒక్క గీత పని."

ఆయన గీత గీశాడు. రబ్బరుతో కీబోర్డు అనే మాట చెరిపాడు. రబ్బరు పొడి ఊదేశాడు. మాస్టారు ఆ పొడి వంక చూశాడు. డబ్బీ, ఉన్ని గుడ్డ, పాఠాలు, ఎడమ మోచెయ్యి, ఆరేళ్ల ఏవగింపు, అన్నింటి ఖరీదూ అదే.

"మళ్లీ చెబుతున్నా," అన్నాడు బెత్తంగారు. "ఇవాళ పగిలితే మాత్రం..."

"తెలుసు."

గుంటలో బావమరిది డ్రమ్ముల అవతల క్లారినెట్ తుడుచుకుంటున్నాడు. మాస్టారు కాగితం అతని ముందు పెట్టాడు.

"చివరి పదహారు నువ్వు వాయించు."

అతను కాగితం చూసి బావగారి మొహం చూశాడు. "నా ప్లాస్టిక్‌తోనా?"

"నీ దగ్గర ఇంకేముంది?"

"అదీ నిజమే," అన్నాడు బావమరిది. తన లవంగాన్ని ఒక చిత్తుకాగితంలో ఉమ్మి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. పదహారు ఆవర్తాల వేళ్లను గాలిలోనే ఒకసారి ఆడించి చూసుకున్నాడు.

మూడింటికి ఆట మొదలైంది. స్వరకర్త గారు నాలుగో వరసలో, నెరిసిన జుట్టుతో, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. రెండో అంకం వచ్చింది. నృత్యం పదో నిమిషం దాటింది. పదహారు ఆవర్తాలు మిగిలి ఉండగా మాస్టారు శాక్సఫోన్ దించాడు. డ్రమ్ముల అవతలినుంచి ఇంకో శాక్సఫోన్ అదే వరసను అతుకు తెలియకుండా అందుకుంది. ఆయన రీడు తీసి నోట పెట్టుకున్నాడు. చేదుగా ఉంది. మైనం.

నోట్లో రీడు ఉన్న మనిషి మాట్లాడలేడు, పళ్లు కొరకలేడు, పెదవి విరవలేడు. వినడం తప్ప ఆయనకు ఏ పనీ లేదు. ఆరేళ్లలో బావమరిది వాయించింది ఆయన మొదటిసారి విన్నాడు. మొదట తప్పు కోసమే విన్నాడు. నాలుగు ఆవర్తాలు గడిచాయి, దొరకలేదు. ఎనిమిది గడిచాయి. నాదం కాస్త పలచన, అది ప్లాస్టిక్ దోషం. లయ మాత్రం నిలబెట్టిన స్తంభంలా ఉంది. పన్నెండు. నర్తకులు ఆ లయ మీద నిశ్చింతగా కాళ్లు వేస్తున్నారు. పదిహేను. ఆఖరి స్వరం దగ్గర శ్రుతి వెంట్రుకవాసి పెరిగింది. దొరికింది! మాస్టారి గుండె ఎగిరింది. ఇన్నేళ్ల ఆస్తి తిరిగి చేతికి వచ్చినట్టయింది. ఆ సంతోషం ఎంత నీచమైందో చూసుకునే తీరిక లేదు. బెత్తంగారి చెయ్యి లేచింది.

రీడు బిగించాడు. ఊదాడు.

స్వరం వచ్చింది. గొప్పగా ఏమీ లేదు, ఆరేళ్లుగా ఎలా వచ్చేదో అలాగే వచ్చింది. మంద్రంలో, అంచు లేకుండా, ఎక్కడ మొదలైందో తెలియనట్టుగా. నాయిక ఉత్తరం విప్పింది. నాలుగో వరసలో నెరిసిన తల కొద్దిగా వాలింది. మాస్టారు దాన్ని చివరిదాకా మోసి, దించి, ఊపిరి తీసుకున్నాడు. కీబోర్డు ఆయన పన్నెండో నంబరు మీదినుంచి వేలు తీసేశాడు.

ఆట అయ్యాక గుంటలో పెట్టెలు మూసుకునే చప్పుళ్లు. స్వరకర్త గారు గుంట అంచున ఉన్న కమ్మీ మీదినుంచి వంగి బెత్తంగారితో ఏదో అని, గుంట వైపు ఒకసారి తలూపి వెళ్లిపోయారు. ఓబో అలాగే ఉంటుందని బెత్తంగారు దూరంనుంచే చెయ్యి ఊపాడు. బావమరిది డ్రమ్ములు దాటుకుని ఇవతలికి వచ్చాడు, మెడ గోక్కుంటూ.

"బావగారూ, ఆఖర్న నా శ్రుతి పెరిగింది కదూ?"

మాస్టారు నోటి నిండా మాటలున్నాయి. ప్లాస్టిక్ గురించి, అచ్చుల గురించి, పనితనం గురించి, ఆరేళ్లుగా చెక్కి చెక్కి పదును పెట్టుకున్నవి. ఒక్కొక్కదాన్నీ నాలుక చివరిదాకా తెచ్చి చూసుకున్నాడు.

"కాస్తే," అన్నాడు.

ఆరేళ్లలో బావమరిదికి ఆయన ఇచ్చిన మొదటి మెప్పు అది. అంతకన్నా పెద్దది ఆయన దగ్గర లేదు.